పాఠశాల బోధనలో కంప్యూటర్లు: మూడో ఏటి పరీక్ష

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• కంప్యూటర్ గురించి నేర్చుకోవడానికీ, కంప్యూటర్‌తో నేర్చుకోవడానికీ మధ్య తేడాను వివరించగలుగుతారు.
• పాఠశాలల్లో సాంకేతిక పరికరాలు ఎప్పుడు ఫలితమిస్తాయో, ఎప్పుడు ఇవ్వవో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• ఏ సాంకేతిక పథకాన్నయినా స్వయంగా విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

1.1 ప్రవేశిక

ప్రకాశం జిల్లాలో ఒంగోలుకు తూర్పున, సముద్రపు ఒడ్డున కొత్తపట్నం ఉంది. చదువు చరిత్రలో ఈ ఊరికి ఒక స్థానం ఉంది. 1937 వేసవిలో కాంగ్రెస్ సోషలిస్టులు ఇక్కడ రాజకీయ, ఆర్థిక విషయాలు బోధించే వేసవి పాఠశాల నడిపారు. నాటి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ పాఠశాల పేరు ఇంతకాలం నిలవడానికి కారణం అక్కడి సామగ్రి కాదు. ఏం నేర్పాలో, ఎవరికి నేర్పాలో, ఎందుకు నేర్పాలో తెలిసినవారు దాన్ని నడిపారు. ఒక పాలకవర్గం భయపడేంత బలం ఆ చదువుకు అందువల్లే వచ్చింది.

ఈ రోజు మన ప్రభుత్వ పాఠశాలల్లోకి కంప్యూటర్లు, పెద్ద తెరలు, ట్యాబులు వచ్చాయి. వీటిని గురించిన చర్చ సాధారణంగా రెండు రకాలుగా సాగుతుంది. యంత్రం వస్తే చదువు మారిపోతుందని ఒక పక్షం అంటుంది. యంత్రం వల్ల పిల్లలు చెడిపోతారని రెండో పక్షం అంటుంది. ఈ రెండు పక్షాలూ యంత్రాన్నే చూస్తున్నాయి, తరగతి గదిని చూడడం లేదు.

ఈ పాఠంలో మనం వేరే కొలబద్దను ప్రతిపాదిస్తున్నాం. దాన్ని 'మూడో ఏటి పరీక్ష' అందాం. ఏ పరికరాన్నయినా అది బడికి వచ్చిన రోజును బట్టి కాక, మూడో సంవత్సరంలో దానితో పిల్లలు ఏం చేస్తున్నారనే దాన్ని బట్టి విలువ కట్టాలి. మొదటి ఏడు కొత్తదనం పనిచేస్తుంది. రెండో ఏడు పథకం మీద పై అధికారుల కన్ను ఉంటుంది. మూడో ఏటికి బ్యాటరీ బలహీనపడుతుంది, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు బదిలీ మీద వెళతాడు, ఒప్పందం గడువు దగ్గర పడుతుంది. అప్పటికీ పిల్లలు దానితో నేర్చుకుంటూ ఉంటేనే అది బోధనలో భాగమైందని అర్థం.

1.2 యంత్రాల మీద ఆశ: సంక్షిప్త చరిత్ర

చదువును యంత్రం మార్చేస్తుందన్న ఆశ కొత్తది కాదు. సినిమా వచ్చిన తొలి రోజుల్లో, 1913లో, థామస్ ఎడిసన్ ఇక బడుల్లో పుస్తకాలకు కాలం చెల్లుతుందని జోస్యం చెప్పాడు. వందేళ్లు దాటినా పుస్తకం పోలేదు. ఆ తరవాత రేడియో, టెలివిజన్, కంప్యూటర్ వంతుగా అదే ఆశను మోసుకొచ్చాయి.

మన దేశంలో ఈ కథకు ముఖ్యమైన మలుపు 'సైట్' అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం వంటి విషయాలు వచ్చేవి. మారుమూల గ్రామాల పిల్లలు తెర మీద తెలుగు విన్నారు. అది చిన్న విషయం కాదు. కానీ ఏడాది ముగియగానే ఆ ఉపగ్రహం మన సేవలోంచి తప్పుకుంది. సాంకేతికంగా అది గొప్ప విజయం. కాని ఆ ఉపగ్రహంతో సాగిన పాఠాలు మూడో ఏటి దాకా వెళ్లే అవకాశమే లేదు.

కంప్యూటర్ల వంతు 1984-85లో 'క్లాస్' పథకంతో మొదలైంది. ఎంపిక చేసిన బడులకు 'బీబీసీ మైక్రో' అనే చిన్న కంప్యూటర్లు ఇచ్చారు. 2004 డిసెంబరులో కేంద్రం 'ఐసీటీ ఎట్ స్కూల్స్' పథకాన్ని ప్రారంభించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో సుమారు 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ గదులు ఏర్పడ్డాయి. ప్రైవేటు సంస్థలు పరికరాలు పెట్టి, బోధకులను నియమించి, ఐదేళ్లు నడిపి, చివరకు పరికరాలను బడికి అప్పగించాలన్నది ఆ ఒప్పందం.

ఈ ఏర్పాటులోని లోపాన్ని గమనించండి. ఒప్పందం 2013లో ముగిసింది. పరికరాలు బడికి మిగిలాయి. వాటిని నేర్పే బోధకుల కొలువులు ఒప్పందంతోపాటే ముగిశాయి. అంటే బడికి దక్కింది ఐదేళ్ల వయసున్న యంత్రం. పోయింది దాన్ని నడిపే మనిషి. ఆస్తి బదిలీ గురించి కాగితం మీద స్పష్టంగా రాసుకున్నంతగా, నైపుణ్యం ఎవరికి బదిలీ కావాలో రాసుకోలేదు. గణితం, సైన్సు ఉపాధ్యాయులు ఆ ఐదేళ్లలో కంప్యూటర్‌ను తమ పాఠంలోకి తెచ్చుకొని ఉంటే బోధకులు వెళ్లినా పని సాగేది. కంప్యూటర్ గదికి వేరే బోధకుడు, వేరే పీరియడు ఉన్నప్పుడు మిగిలిన ఉపాధ్యాయులకు అది పరాయి గదిగానే ఉంటుంది.

ఇక్కడే ఒక ముఖ్యమైన తేడాను గుర్తించాలి. కంప్యూటర్ భాగాల పేర్లు, మౌసు పట్టుకోవడం, టైపు చేయడం వంటివి కంప్యూటర్ గురించి నేర్చుకోవడం. భిన్నాలను, భూగోళాన్ని, భాషను దాని సాయంతో అర్థం చేసుకోవడం కంప్యూటర్‌తో నేర్చుకోవడం. మన పథకాల్లో మొదటిది సులువుగా జరిగింది. రెండోది జరిగిందని అనుకున్నాం.

1.3 పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

గుజరాత్‌లోని వడోదర ఉదాహరణ ఈ తేడాను బాగా చూపుతుంది. 2000లో అక్కడి 100 పురపాలక ప్రాథమిక పాఠశాలలకు తలా నాలుగు కంప్యూటర్లు వచ్చాయి. రెండేళ్ల తరవాత చూస్తే వాటిని వాడుతున్న పిల్లలు చాలా తక్కువ. అప్పుడు 'ప్రథమ్' సంస్థ నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు గణితం ఆటలు ఏర్పాటు చేసింది. ఒక్కో కంప్యూటర్ దగ్గర ఇద్దరు పిల్లలు. లెక్క సరిగా చేస్తే తరవాతి లెక్క కొంచెం కష్టంగా వస్తుంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు దీన్ని పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. పిల్లల గణితం స్పష్టంగా మెరుగుపడింది.

కంప్యూటర్లు అవే, బడులూ అవే. మారింది ఒక్కటే: ఎవరు, వారానికి ఎంతసేపు, ఏ లెక్క కోసం వాటి ముందు కూర్చోవాలనే నిర్ణయం.

అయితే అదే పరిశోధనలో మరో రెండు విషయాలు ఉన్నాయి. మొదటిది, కార్యక్రమం ఆగిన ఏడాది తరవాత చూస్తే ఆ మెరుగుదలలో ఎక్కువ భాగం కరిగిపోయింది. రెండోది, వెనకబడిన పిల్లలను విడిగా కూర్చోబెట్టి చదివించడానికి 'బాలసఖి' పేరిట స్థానిక యువతులను నియమించిన కార్యక్రమంతో పోల్చినప్పుడు, పెట్టిన ఖర్చుకు బాలసఖే ఎక్కువ ఫలితమిచ్చింది. కంప్యూటర్ పనికొచ్చిందా అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఆ డబ్బుతో ఇంకేం చేయగలిగేవారం అన్నది కూడా అడగాలి.

గుజరాత్‌లోనే 'జ్ఞానశాల' బడుల్లో లీ లిండెన్ చేసిన పరిశీలన ఇంకా సూటిగా ఉంది. ఉపాధ్యాయుని పాఠం స్థానంలో కంప్యూటర్‌ను పెట్టినప్పుడు పిల్లలు మునుపటి కన్నా తక్కువ నేర్చుకున్నారు. పాఠం అలాగే ఉంచి, బడి వేళ తరవాత కంప్యూటర్‌తో సాధన చేయించినప్పుడు ఎక్కువ నేర్చుకున్నారు. పప్పుకు తోడు నెయ్యి అయితే రుచి. పప్పు మానేసి నెయ్యి పోస్తే అన్నం ముద్ద దిగదు.

పెరూ దేశంలో ప్రభుత్వం గ్రామీణ పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచింది. 319 బడుల్లో జరిపిన అధ్యయనం ప్రకారం సుమారు 15 నెలల తరవాత కూడా గణితంలో, భాషలో గుర్తించదగ్గ మెరుగుదల కనిపించలేదు. పిల్లల చేతికి యంత్రం చేరింది. బోధన మారలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – I
1. వడోదరలో 2000లో వచ్చిన కంప్యూటర్లు 2002 వరకు ఎందుకు ఫలితమివ్వలేదు?
2. జ్ఞానశాల పరిశీలన నుంచి ఉపాధ్యాయులు గ్రహించవలసినది ఏమిటి?

1.4 ట్యాబుల పంపిణీ: ఒక విమర్శ

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ట్యాబుల పంపిణీ ప్రారంభించింది. ప్రభుత్వం ప్రకటించిన లెక్క ప్రకారం 4,59,564 మంది ఎనిమిదో తరగతి విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 ట్యాబులు. వాటిలో బైజూస్ సంస్థ పాఠాలను ముందే నింపి ఇచ్చారు. ఆ సంస్థతో ప్రభుత్వం 2022 జూన్‌లో ఒప్పందం చేసుకుంది.

ఈ పథకంలో మెచ్చుకోవలసినవి ఉన్నాయి. పాఠాలు ట్యాబులోనే ఉండడం వల్ల ఇంటి దగ్గర ఇంటర్నెట్ లేని పిల్లలు కూడా చూడగలిగారు. 2017-18 జాతీయ నమూనా సర్వే నాటికి దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 14.9 శాతం మాత్రమే. కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు ఈ అంకెల అర్థం ఏమిటో ప్రతి ఇంటికీ తెలిసింది. ఉపాధ్యాయులకు కూడా ట్యాబులు ఇవ్వడం మరో మంచి ఆలోచన.

విమర్శ మూడు విషయాల మీద. మొదటిది, ప్రకటనల్లో ముందుకు వచ్చిన అంకె పంచిన ట్యాబుల సంఖ్య. పంచిన సంఖ్య పంపిణీకి కొలత, నేర్చుకోవడానికి కాదు. రెండోది, పాఠాల మీద అదుపు. ఏ పాఠం ఏ వరుసలో ఉండాలి, ఉదాహరణ ఏది అన్నవి ఒక సంస్థ ముందే తేల్చేస్తే, ఉపాధ్యాయుడు తన తరగతికి తగినట్టు మార్చుకునే చోటు తగ్గుతుంది. మూడోది, ఆధారపడడం. 2024 జులైలో అదే సంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. 2022 చివర ఎనిమిదో తరగతిలో ట్యాబు అందుకున్న పిల్లలు అప్పటికి పదో తరగతికి వచ్చారు. సరిగ్గా మూడో విద్యా సంవత్సరం. ఒక ప్రైవేటు సంస్థ ఆరోగ్యం మీద ప్రభుత్వ బడి పాఠాలు ఆధారపడవచ్చా అన్న ప్రశ్నకు అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర లేదు. పాఠ్యపుస్తకం అచ్చువేసిన ముద్రణాలయం మూతపడినా పుస్తకం పిల్లల దగ్గరే ఉంటుంది. డిజిటల్ పాఠానికి కూడా ఆ భద్రత కావాలంటే దాని హక్కులు, దాన్ని సవరించే అధికారం ప్రజాసంస్థల చేతిలో ఉండాలి. 2017లో మొదలైన 'దీక్ష' వేదిక, పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు ఈ దారిలో వేసిన అడుగులు.

1.5 కొత్తపట్నం నుంచి చూస్తే

ఏ పథకమైనా రాజధానిలో తయారై, తీరగ్రామంలో అమలవుతుంది. కాబట్టి ఆ పథకాన్ని కొత్తపట్నం వంటి చోటు నుంచి చూడడం మనకు ఉపయోగం.

వాతావరణం: సముద్రతీరంలో ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. యంత్రాల్లోని సన్నని తీగలకూ, అతుకులకూ ఆ గండం తప్పదు. తుపానులు సరేసరి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను ఇదే తీరంలో బాపట్ల దగ్గర భూమిని తాకింది. మెట్ట ప్రాంతపు బడికీ తీరపు బడికీ ఒకే రకమైన మరమ్మతు ఏర్పాటు సరిపోదు.

వలస: గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో మిరప కోతల కాలంలో పశ్చిమ ప్రకాశం మెట్ట గ్రామాల నుంచి కుటుంబాలు కూలికి వెళతాయి. జనవరి నుంచి నెలల తరబడి పిల్లలు కూడా తోట గట్ల మీదే ఉంటారు. ఆ పిల్లకు బడిలోని పెద్ద తెర ఏ విధంగానూ అందదు. ట్యాబు అందవచ్చు, దాన్ని ఛార్జి చేసుకునే చోటు, రాత్రి ఒక గంట కూర్చోబెట్టే మనిషి ఉంటే. అందుకే ఇలాంటి పిల్లలకు సీజనల్ హాస్టళ్లు ముఖ్యం. అక్కడ ట్యాబు కూడా ఉంటే మేలే. హాస్టలు లేకుండా ట్యాబు ఒక్కటే ఉంటే అది మూటలో ఒక వస్తువు.

ఆడపిల్ల: 2024 'అసర్' నివేదిక దేశంలోని గ్రామీణ పిల్లల గురించి కొన్ని అంకెలు ఇచ్చింది. స్మార్ట్‌ఫోన్ వాడగల 14-16 ఏళ్ల పిల్లల్లో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు 36.2 శాతం, అమ్మాయిలు 26.9 శాతం. ఆ వయసు వారిలో అంతకు ముందు వారంలో చదువు పనికి ఫోను వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు సుమారు 76 శాతం. ఇంట్లో ఫోను ఉండడం, ఆ ఫోను ఆడపిల్ల చేతికి రావడం, వచ్చిన ఫోను చదువుకు ఉపయోగపడడం – ఇవి మూడు వేర్వేరు మెట్లు. బడిలోని కంప్యూటర్ మొదటి రెండు మెట్ల దగ్గర ఆగిపోయిన పిల్లకు దిక్కవుతుంది. ప్రభుత్వ బడిలో కంప్యూటర్ ఉండాలనడానికి ఇదే బలమైన కారణం.

పాఠంలోని బతుకు: ఎక్కడో తయారైన వీడియోలో లాభనష్టాల లెక్క యాపిల్ పండ్లతో మొదలవుతుంది. మన పిల్లలకు ఇంటిలోనే అంతకన్నా మంచి లెక్క ఉంది. ఎన్ని టిక్కీల మిరపకాయలు, క్వింటాలు ధర ఎంత, కోత కూలి ఎంత, శీతల గిడ్డంగి అద్దె ఎంత, చివరకు మిగిలిందెంత? మత్స్యకారుల ఇంటి పిల్లకు డీజిలు ఖర్చు, వేటలో పడిన చేప బరువు, వేలంలో పలికిన ధర. ఈ అంకెలను కంప్యూటర్‌లోని గడుల పట్టికలో వేయించి, ధర మారితే మిగులు ఎలా మారుతుందో చూపిస్తే చలరాశి అంటే ఏమిటో పిల్లలకు చేతికి అందుతుంది. దీనికి ఖరీదైన పాఠాలు అక్కర లేదు. ఒక పాత కంప్యూటర్, తన ఊరు తెలిసిన ఉపాధ్యాయుడు చాలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – II
1. పరికరాల సంఖ్యను ఫలితానికి కొలతగా తీసుకోవడం ఎందుకు తప్పు?
2. మీ ప్రాంతపు వృత్తుల నుంచి ఒక అంశాన్ని తీసుకొని కంప్యూటర్‌తో బోధించగల పాఠాన్ని ఐదు వాక్యాల్లో రాయండి.

1.6 ఒక ప్రతివాదన

మూడో ఏటి పరీక్ష పేరుతో పేద పిల్లలకు కంప్యూటర్ రాకుండా చేస్తున్నారని ఎవరైనా అనవచ్చు. ఈ వాదనను తేలిగ్గా తీసుకోకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష 2017 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. జవాబు తెలిసి కూడా మౌసు అలవాటు లేక తడబడే పిల్లకు జరిగేది అన్యాయమే. పట్నపు ప్రైవేటు బడి పిల్లకు ఇంట్లో దొరికేది పల్లె పిల్లకు బడిలోనైనా దొరకాలి.

ఈ వాదనను మనం అంగీకరిస్తున్నాం. అయితే అది మన విమర్శను బలహీనపరచదు, ఇంకా గట్టి చేస్తుంది. పట్నపు పిల్ల కంప్యూటర్ చెడిపోతే మరునాడు బాగవుతుంది, లేదా ఇంకొకటి వస్తుంది. పల్లె బడిలో చెడితే గదికి తాళం పడుతుంది. పరికరం కొనడంతో బాధ్యత తీరిందనుకుంటే నష్టపోయేది పట్నపు పిల్ల కాదు, బడి తప్ప వేరే దిక్కు లేని పిల్ల. సమానత్వం కోరేవారే మరమ్మతు గురించి, శిక్షణ గురించి ఎక్కువగా అడగాలి.

1.7 మూడో ఏటి పరీక్ష: ఐదు ప్రశ్నలు

మీరు రేపు ఉపాధ్యాయులు కావచ్చు, తల్లిదండ్రులుగా పాఠశాల కమిటీలో కూర్చోవచ్చు. ఏదైనా పరికరం మీ బడికి వచ్చినప్పుడు ఈ ఐదు ప్రశ్నలు అడగండి.

1. ఏ కష్టానికి ఈ పరికరం? 'ఆధునికం' అనేది జవాబు కాదు. 'ఏడో తరగతిలో సగం మందికి భిన్నాలు రావడం లేదు' అనేది జవాబు.
2. ఇది పాఠానికి తోడా, పాఠానికి బదులా?
3. చెడిపోతే ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజుల్లో బాగవుతుంది, డబ్బు ఎవరిస్తారు?
4. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు బదిలీ అయితే పని తెలిసినవారు బడిలో ఇంకా ఎవరున్నారు?
5. ఒప్పందం ముగిసినా, సంస్థ మూతపడినా పాఠాలు మన దగ్గర ఉంటాయా?

ఈ ఐదింటిలో ఒక్కటి కూడా సాంకేతిక ప్రశ్న కాదని గమనించండి. వీటిని అడగడానికి కంప్యూటర్ తెలిసి ఉండనవసరం లేదు. బడి తెలిసి ఉంటే చాలు.

1.8 సారాంశం

యంత్రం చదువును దానంతటది మార్చదు. దాన్ని ఎవరి కోసం, ఏ పాఠంలో, ఎంతసేపు వాడాలో నిర్ణయించే మనిషి ఉన్నప్పుడు అది పనికొస్తుంది. 1975 నాటి ఉపగ్రహం, 2008 నాటి కంప్యూటర్ గది, 2022 నాటి ట్యాబు మనకు చెబుతున్నది ఒకటే: పరికరం రావడం సులువు, నిలవడం కష్టం. వడోదర అనుభవం చెబుతున్నది దానికి జత: సరైన పనికి, పాఠానికి తోడుగా వాడితే పిల్లలు నిజంగా నేర్చుకుంటారు.

దూరవిద్య విద్యార్థులుగా మీకు ఇది కొత్త విషయం కాదు. 1982లో హైదరాబాదులో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అచ్చు పాఠాన్నీ, రేడియోనూ నమ్ముకుంది. అయినా వాటితోపాటు అధ్యయన కేంద్రం, అక్కడ సందేహం తీర్చే అధ్యాపకుడు ఉండాలని అనుకుంది. మీ చేతిలోని ఈ పుస్తకం కూడా ఒక సాంకేతిక పరికరమే. దీనిలో అర్థం కాని వాక్యం దగ్గర ఆగి, ఆదివారం తరగతిలో లేచి ఒక ప్రశ్న అడిగినప్పుడే ఇది మీకు పాఠమవుతుంది.

1.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 'పరికరాల సంఖ్య పంపిణీకి కొలత, నేర్చుకోవడానికి కాదు' – ఉదాహరణలతో చర్చించండి.
2. పాఠశాలల్లో కంప్యూటర్ వినియోగంపై గుజరాత్, పెరూ అనుభవాలను పోల్చండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 2008 నాటి కంప్యూటర్ గదుల ఒప్పందంలోని ప్రధాన లోపం ఏమిటి?
2. వలస వెళ్లే కుటుంబాల పిల్లలకు సాంకేతిక పరికరాలు ఎంతవరకు ఉపకరిస్తాయి?
3. మీకు దగ్గరలోని బడికి వెళ్లి, అక్కడున్న ఒక పరికరానికి మూడో ఏటి పరీక్షను వర్తింపజేయండి. ఐదు ప్రశ్నలకూ దొరికిన జవాబులు రాయండి.